‘ఆపండి’ అనగల నాయకుడి కోసం

పెన్సిల్వేనియా నడిబొడ్డున స్టేట్ కాలేజ్ అనే ఊరుంది. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. ఏటా ఫిబ్రవరిలో అక్కడి బాస్కెట్‌బాల్ స్టేడియంలో వందలమంది విద్యార్థులు 46 గంటలపాటు కూర్చోకుండా, కన్ను మూయకుండా డ్యాన్స్ చేస్తారు. దాన్ని ‘థాన్’ అంటారు. 1973లో అక్కడి ఫ్రెటర్నిటీల (విద్యార్థుల సోదర సంఘాల) మండలి దాన్ని మొదలుపెట్టింది. 1977 నుంచి వచ్చిన విరాళాలు క్యాన్సర్ బారిన పడ్డ పిల్లల కుటుంబాలను ఆదుకునే ఫోర్ డైమండ్స్ నిధికి వెళుతున్నాయి. ఇప్పటికి ఆ మొత్తం 20 కోట్ల డాలర్లు దాటింది. లెక్కలు, భద్రత, భోజనాలు, ప్రచారం, వచ్చిన కుటుంబాల బాగోగులు అన్నీ చూసుకునేది ఇరవై ఏళ్ల పిల్లలే. 2017 ఫిబ్రవరి మూడో వారంలో జరిగిన థాన్‌లో కోటి డాలర్ల పైచిలుకు పోగైంది.

దానికి సుమారు రెండు వారాల ముందు, అదే ఊళ్లో ఒక ఫ్రెటర్నిటీ ఇంట్లో కొత్తగా చేరుతున్న కుర్రాళ్లను వరసగా నిలబెట్టి మద్యం తాగించారు. వాళ్లలో 19 ఏళ్ల అబ్బాయి ఒకడు బేస్‌మెంట్ మెట్ల మీద నుంచి పడ్డాడు. దాదాపు 12 గంటలపాటు ఎవరూ అంబులెన్సుకు ఫోన్ చేయలేదు. ఆస్పత్రికి చేర్చాక కూడా అతను బతకలేదు. ఆ ఇంట్లో మద్యం ఉండకూడదని నియమం ఉంది. గోడలకు కెమెరాలున్నాయి. అధ్యక్షుడున్నాడు, ఉపాధ్యక్షుడున్నాడు, కొత్త సభ్యులకు తర్ఫీదు ఇవ్వడానికే ప్రత్యేకంగా ఒకడున్నాడు. వీళ్లెవరూ నోరు విప్పలేదు. చేరి ఎన్నాళ్లూ కాని, ఏ పదవీ లేని ఒక కుర్రాడు మాత్రం ‘వీడికి ఏదో అయింది, సాయం పిలవండి’ అని గట్టిగా పట్టుబట్టాడు. అతన్ని గోడకేసి నెట్టి, నోరు మూయించారు.

ఒకే ఊరు, ఒకే నెల, ఒకే వయసు పిల్లలు, ఒకే తరహా సంఘాలు. అమెరికా కాలేజీల్లో ఫ్రెటర్నిటీ, సొరోరిటీ విద్యార్థులకు నాయకత్వం నేర్చుకునే అవకాశాలు ఎన్ని ఉన్నాయని అడిగితే జవాబు తేలికే: కావలసినన్ని. వారం రోజుల శిబిరాల నుంచి ఏడాది పాటు దేశం తిరిగే ఉద్యోగం దాకా ఉన్నాయి. అవన్నీ కలిసి ఎలాంటి నాయకుణ్ణి తయారు చేస్తున్నాయన్నది వేరే ప్రశ్న. దానికి కొలత నాకు ఆ ఇంట్లోనే కనిపించింది. తనవాళ్లు తప్పు చేస్తున్నప్పుడు తనవాళ్ల మధ్యే నిలబడి ‘ఆపండి’ అనగలగడం. ఈ వ్యాసంలో ప్రతి అవకాశాన్నీ ఆ కొలతతోనే చూడదలిచాను.

ముందు ఈ సంఘాల సంగతి కొంత తెలియాలి. లాటిన్‌లో ఫ్రెటర్ అంటే సోదరుడు, సొరోర్ అంటే సోదరి. పేర్లు మాత్రం గ్రీకు అక్షరాలతో పెట్టుకుంటారు. అందుకే క్యాంపస్‌లో వీళ్లను గ్రీకులంటారు. గ్రీసు దేశంతో వీళ్లకు ఏ సంబంధమూ లేదు. 1776 డిసెంబరు 5న, అంటే అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వచ్చిన అయిదు నెలలకు, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో కొందరు విద్యార్థులు ఫై బీటా కప్పా అనే రహస్య సంఘం పెట్టుకున్నారు. ఉపాధ్యాయుల కళ్లు పడకుండా తమలో తాము వ్యాసాలు చదువుకోవడం, వాదోపవాదాలు చేసుకోవడం దాని పని. రహస్య కరచాలనం, బ్యాడ్జి, ప్రమాణం, గ్రీకు అక్షరాలు అన్నీ అక్కడినుంచే వచ్చాయి. తర్వాత అది చదువులో మేటి విద్యార్థులకు ఇచ్చే గౌరవ సభ్యత్వంగా మారింది. మనం ఇప్పుడు చూసే ఫ్రెటర్నిటీ రూపం 1825, 1827 సంవత్సరాల్లో న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలోని యూనియన్ కాలేజీలో పుట్టింది. ఆ కాలేజీని ఫ్రెటర్నిటీల తల్లి అంటారు. ఆడపిల్లల సంఘాలు 1851లో జార్జియాలోని మేకన్ పట్టణంలో ఒక మహిళా కళాశాలలో మొదలయ్యాయి. సొరోరిటీ అనే మాట ఇంకా తర్వాతిది. సిరక్యూస్‌లో గామా ఫై బీటా సంఘం పిల్లలకు ఒక లాటిన్ ఆచార్యుడు ఇచ్చిన మాట అది.

ఆనాటి కాలేజీలో పాఠం అంటే అప్పజెప్పడమే. విద్యార్థి నోరు తెరిచి సొంత అభిప్రాయం చెప్పే చోటు, తన డబ్బుకు తానే లెక్క రాసుకునే చోటు, తన తోటివాడిని తానే ఎన్నుకునే చోటు ఈ సంఘమే. నాయకత్వం అన్న మాట అప్పట్లో వాడలేదు గాని, పని మాత్రం అదే. ఇప్పటికీ ఈ సంఘాల్లో నిజమైన బడి చాప్టరే అని నా అభిప్రాయం. చాప్టర్ అంటే ఒక కాలేజీలో ఉన్న శాఖ. చిన్నదైతే పదిహేనుమంది, దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాల సొరోరిటీల్లో అయితే వందలమంది ఉంటారు.

ఆ చాప్టర్ కోశాధికారిని ఊహించుకోండి. ఇరవై ఏళ్ల పిల్లాడు. నూరుమంది దగ్గర చందా వసూలు చేయాలి. సకాలంలో కట్టని వాడు తన గదిలోనే పక్క మంచం మీద పడుకునే స్నేహితుడు. వంటమనిషికి జీతం, ఇంటి బీమా, కారుతున్న పైకప్పు, జాతీయ కార్యాలయానికి పంపవలసిన వాటా అన్నీ ఆ చందాలోంచే నడవాలి. స్కాలర్‌షిప్ బాధ్యురాలు గ్రేడ్లు పడిపోయిన అమ్మాయిని కూర్చోబెట్టి మాట్లాడాలి. ప్రమాణాల బోర్డు తప్పు చేసిన సభ్యుణ్ణి విచారించి శిక్ష వేయాలి, మర్నాడు పొద్దున అతనితోనే కలిసి టిఫిన్ చేయాలి. వారం వారం జరిగే సమావేశంలో తీర్మానం పెట్టడం, సవరణ అడగడం, ఓడిపోయినా మెజారిటీ నిర్ణయానికి కట్టుబడటం ఉంటాయి. ఇవన్నీ మేనేజ్‌మెంట్ పుస్తకంలో నాలుగు పేజీల్లో చదివేయవచ్చు. పంతొమ్మిదేళ్లకే చేసి చూడటం వేరు. మన దగ్గర అదే వయసు పిల్లవాడికి హాస్టల్ మెస్ కమిటీలో ఉంటే తప్ప పదిమంది డబ్బుకు జవాబు చెప్పే సందర్భం రాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది.

ఈ బడికి ఒక లోపం ఉంది. టీచరు కూడా విద్యార్థే. పదవి సాధారణంగా ఏడాది. నిరుడు నేర్చుకున్నవాడు ఈ ఏడు నేర్పుతాడు. మంచి పద్ధతి ఎలా చేతులు మారుతుందో చెడ్డ ఆచారమూ అలాగే మారుతుంది. ‘మాకూ ఇలాగే చేశారు’ అన్న వాక్యం ముందు నియమావళి నిలబడదు. బయటి నుంచి వచ్చే శిక్షణ ఈ గొలుసును తెంచాలి. ఆ శిక్షణ చరిత్ర చిన్నదేమీ కాదు.

ఫ్రెటర్నిటీ తన సభ్యుల కోసం ప్రత్యేకంగా నాయకత్వ బడి పెట్టడం 1935లో మొదలైంది. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ సంఘం షికాగో పక్కన, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఎవాన్‌స్టన్‌లో వేసవి బడి నడపసాగింది. గ్రీకు సంఘాల్లో నాయకత్వం, చదువు రెండిట్లో రాణించినవాళ్లను గుర్తించే ఆర్డర్ ఆఫ్ ఒమేగా 1959లో మయామి విశ్వవిద్యాలయంలో వచ్చింది. ఈ సంఘాలకు సలహాదారులుగా పనిచేసే కాలేజీ ఉద్యోగులు 1976లో తమకంటూ ఒక వృత్తి సంఘం పెట్టుకున్నారు. ఆ తర్వాత పదిహేనేళ్లలో వచ్చినవి అన్నిటికంటే పెద్ద మార్పులు. 1986లో ఆల్ఫా టౌ ఒమేగా సంఘం ఇలినాయ్‌లో లీడర్‌షేప్ అనే శిబిరం మొదలుపెట్టింది. కొద్దికాలానికే అది స్వతంత్ర సంస్థ అయింది. ఈరోజు ఫ్రెటర్నిటీలతో ఏ సంబంధమూ లేని విద్యార్థులు కూడా అందులో పాల్గొంటారు. ఈ రంగం మొత్తం సమాజానికి ఇచ్చిన మంచి కానుకల్లో దాన్ని మొదట చెప్పాలి. 1990లో ఉత్తర అమెరికా ఫ్రెటర్నిటీల సమాఖ్య వేర్వేరు సంఘాల విద్యార్థులను ఒకచోట చేర్చే అయిదు రోజుల శిక్షణ ప్రారంభించింది. ఒక సంఘం వాడు ఇంకో సంఘం వాడితో కూర్చుని ‘మీ ఇంట్లో ఇలా జరిగితే మీరేం చేస్తారు’ అని అడగడమే అందులో సారం. తన ఇల్లే లోకం అనుకునేవాడికి ఆ అయిదు రోజులు కిటికీ తెరుస్తాయి.

1991లో సిగ్మా ఫై ఎప్సిలాన్ ఇంకా లోతుకు వెళ్లింది. కొత్తగా చేరినవాణ్ణి కొన్ని వారాలు ‘ప్లెడ్జ్’గా, తక్కువవాడిగా చూసే పద్ధతినే తీసేసి, చేరిన మొదటి రోజు నుంచి నాలుగేళ్లూ సాగే వికాస క్రమాన్ని పెట్టింది. అంతకుముందే, 1972లోనే, లాంబ్డా కై ఆల్ఫా ప్లెడ్జ్ పద్ధతిని ఎత్తేసింది. నన్నడిగితే నాయకత్వ శిక్షణ పేరుతో జరిగిన సంస్కరణల్లో ఈ రెండింటికీ మిగిలినవి సాటిరావు. శిబిరంలో చెప్పిన పాఠం శిబిరంతో అయిపోతుంది. సంఘం నిర్మాణంలోనే ఒకడికి ఇంకొకడి మీద పెత్తనం లేకుండా చేస్తే, ఆ పాఠం రోజూ జరుగుతుంది.

చదువు అయ్యాక దొరికే అవకాశం ఇంకొకటి ఉంది, దాని గురించి బయటివాళ్లకు అంతగా తెలియదు. సంఘాల జాతీయ కార్యాలయాలు అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన సభ్యులను ఒకటి రెండేళ్లు ఉద్యోగంలోకి తీసుకుని కాలేజీ కాలేజీకి పంపుతాయి. ఆ ఉద్యోగం చేసేవాళ్లు ఒక సూట్‌కేసుతో ఊరూరా తిరుగుతూ, చాప్టర్ల లెక్కలు చూస్తూ, గొడవలు పరిష్కరిస్తూ, తమకంటే ఏడాది చిన్నవాళ్లకు కఠినమైన మాటలు చెబుతూ గడుపుతారు. ఇరవై రెండేళ్లకు అంతకంటే మంచి శిక్షణ దొరకడం కష్టం.

ఇన్ని కార్యక్రమాలు పుట్టడం వెనక ఆదర్శంతో పాటు పన్నుల చట్టం కూడా ఉంది. అమెరికాలో ఫ్రెటర్నిటీ సామాజిక క్లబ్బు కింద లెక్క. దానికి ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు రాదు. దానికి అనుబంధంగా విద్యాప్రయోజనాల కోసం పెట్టిన ఫౌండేషన్‌కు ఇస్తే వస్తుంది. ఆ ఫౌండేషన్ డబ్బును పార్టీలకు వాడకూడదు, స్కాలర్‌షిప్పులకూ శిక్షణకూ వాడవచ్చు. దాంతో బాగా సంపాదించిన పాత సభ్యుల ఉదారతకు నాయకత్వ శిక్షణే సహజమైన దారి అయింది. ఇందులో తప్పేమీ లేదు. కానీ డబ్బు ఎటు పారితే అటే కార్యక్రమాలు మొలుస్తాయని గుర్తుంచుకుంటే, ఇన్ని సంఘాలకు లీడర్‌షిప్ అకాడమీలు ఎందుకున్నాయో అర్థమవుతుంది.

అకాడమీ ఉన్నంత మాత్రాన నాయకులు తయారవుతారని కాదు. ఎవాన్‌స్టన్ బడి పెట్టిన సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ సంగతే చూడండి. 2014 మార్చిలో ఆ సంఘం కూడా ప్లెడ్జ్ పద్ధతిని రద్దు చేసింది. సరిగ్గా ఏడాదికి, 2015 మార్చిలో, ఓక్లహోమా విశ్వవిద్యాలయంలోని దాని సభ్యులు బస్సులో వెళుతూ నల్లజాతి వాళ్లను అవమానించే పాట పాడిన వీడియో బయటికి వచ్చింది. అప్పటి విశ్వవిద్యాలయం అధ్యక్షుడు డేవిడ్ బోరెన్ వెంటనే చాప్టర్ మూయించాడు, ఇద్దరు విద్యార్థులను బహిష్కరించాడు. ఆ పాట ఎక్కడిదని విశ్వవిద్యాలయం విచారించింది. అప్పటికి నాలుగేళ్ల ముందు జాతీయ సంఘం నిర్వహించిన నాయకత్వ నౌకాయాత్రలో అక్కడి సభ్యులు దాన్ని నేర్చుకున్నారని తేలింది. ఎనభై ఏళ్లుగా నాయకత్వం నేర్పుతున్న సంఘం, నాయకత్వం పేరిట వేసిన ఓడ, దాని మీద పిల్లలు నేర్చుకుని ఇంటికి మోసుకొచ్చింది ఆ పాట! తరగతి గదిలో ఏం చెప్పారన్నదానికంటే తరగతి అయ్యాక రాత్రి ఏం జరిగిందన్నదే చివరికి మిగిలింది.

దీనికి పూర్తిగా వేరే చరిత్ర నల్లజాతి విద్యార్థుల సంఘాలది. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా స్థాపించారు. తెల్లవాళ్ల సంఘాల తలుపులు వాళ్లకు మూసి ఉన్నాయి. 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా వచ్చింది, నల్లజాతి మహిళల తొలి సొరోరిటీ అది. 1963 దాకా మొత్తం తొమ్మిది సంఘాలు ఏర్పడ్డాయి. వీటి ఉమ్మడి మండలి 1930లో హోవర్డ్‌లోనే మొదలైంది. ప్రేమగా వీటిని ‘డివైన్ నైన్’ అంటారు. 1913 జనవరిలో పుట్టిన డెల్టా సిగ్మా థీటా అమ్మాయిలు ఆ మార్చి 3న మహిళల ఓటు హక్కు కోసం వాషింగ్టన్ వీధుల్లో జరిగిన ఊరేగింపులో నడిచారు. సంఘం పెట్టి రెండు నెలలు కూడా కాలేదు. అమెరికా రాజ్యాంగం మహిళలకు ఓటు ఇచ్చింది ఇంకో ఏడేళ్ల తర్వాత. దక్షిణాదిలో నల్లజాతి మహిళ ఆ ఓటు నిజంగా వేయగలగడానికి 1965 దాకా ఆగవలసి వచ్చింది.

1935లో ఆల్ఫా కప్పా ఆల్ఫా చేపట్టిన మిసిసిపీ ఆరోగ్య యాత్ర నాకు ఈ చరిత్ర మొత్తంలో ఎంతో ఇష్టమైన ఘట్టం. డాక్టర్ డొరొతీ బౌల్డింగ్ ఫెరెబీ నాయకత్వంలో డాక్టర్లు, నర్సులు, టీచర్లు అయిన సభ్యులు తమ కార్లలో మిసిసిపీ పత్తిచేల మధ్యకు వెళ్లారు. తోటల యజమానులు కూలీలను పని వదిలి ఆస్పత్రికి పోనివ్వలేదు. సరే, మేమే వస్తామని కారునే క్లినిక్ చేసుకుని చెట్ల కింద పిల్లలకు టీకాలు వేశారు. 1942 దాకా ప్రతి వేసవీ వెళ్లారు. చదువుకున్న ఆడవాళ్ల కూటమి అధికారం లేకుండా ఏం చేయగలదో అక్కడ కనిపించింది. మార్టిన్ లూథర్ కింగ్, సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ ఆల్ఫా ఫై ఆల్ఫా సభ్యులు. పౌరహక్కుల ఉద్యమంలో పెద్ద పేరైన డొరొతీ హైట్ డెల్టా సిగ్మా థీటాకు జాతీయ అధ్యక్షురాలిగా పనిచేశారు. మద్రాసు నుంచి వెళ్లిన శ్యామలా గోపాలన్ కూతురు కమలా హారిస్ హోవర్డ్‌లో చదువుతూ ఆల్ఫా కప్పా ఆల్ఫాలో చేరారు. 2020లోనూ 2024లోనూ ఆమె ప్రచారానికి ఆ సోదరీమణుల అండ ఎంత పెద్దదో అమెరికా అంతా చూసింది. ఈ సంఘాల్లో సభ్యత్వం కాలేజీతో తీరిపోదు. పట్టభద్రుల చాప్టర్లు ఊరూరా ఉంటాయి. అరవై ఏళ్ల న్యాయవాది, ఇరవై ఏళ్ల విద్యార్థిని ఒకే సమావేశంలో కూర్చుంటారు. పాఠం చెప్పేవాడూ విద్యార్థే అన్న లోపానికి ఇక్కడ మందు దొరికింది.

అయినా ఈ సంఘాలూ హేజింగ్ జాడ్యం నుంచి తప్పించుకోలేదు. 1990లో, అప్పటికి మండలిలో ఉన్న ఎనిమిది సంఘాలూ కలిసి ప్లెడ్జ్ పద్ధతిని రద్దు చేశాయి. చాటుమాటుగా అది సాగుతూనే వచ్చింది.

హేజింగ్ అంటే మన ర్యాగింగే కదా అనిపిస్తుంది. ఒక తేడా ఉంది. ర్యాగింగ్ కాలేజీలో చేరిన ప్రతివాడి మీదా, వాడి ఇష్టంతో పని లేకుండా పడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని 1997లోనే ప్రత్యేక చట్టంతో నిషేధించింది. హేజింగ్ సభ్యత్వానికి కట్టే మూల్యం. కుర్రాడు తనంతట తాను వెళ్లి, అవమానాన్ని భరించి, బయటికి చెప్పనని మాటిస్తాడు. భరించినవాడికి ఆ సభ్యత్వం మరింత విలువైనదిగా తోస్తుంది. అందుకే దాన్ని పోగొట్టడం కష్టం. హేజింగ్ మీద జీవితమంతా పరిశోధించిన పాత్రికేయుడు హ్యాంక్ న్యూవర్ లెక్క ప్రకారం 1959 నుంచి 2021 దాకా అమెరికా కాలేజీల్లో ఏటా కనీసం ఒక ప్రాణం దీనికి బలైంది.

ఆడపిల్లల సంఘాల గురించి మాట్లాడేటప్పుడు అలబామా విశ్వవిద్యాలయం ఉదాహరణ చాలు. 1902లో ఏర్పడిన జాతీయ పాన్‌హెలెనిక్ సమాఖ్యలో ఇప్పుడు 26 సొరోరిటీలున్నాయి. ఓటు హక్కు కూడా లేని కాలంలో ఆడవాళ్లు సొంతంగా ఇళ్లు కొని, నిధులు పోగుచేసి, సమావేశాలు నడుపుకున్న సంస్థలివి. ఆ ఘనతను తక్కువ చేయకూడదు. అలబామాలో 2013 దాకా ఆ సంప్రదాయ సొరోరిటీలు నల్లజాతి అమ్మాయిలను దాదాపుగా తీసుకోలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో అక్కడి విద్యార్థి పత్రిక ‘క్రిమ్సన్ వైట్’ ఒక కథనం ప్రచురించింది. మంచి మార్కులున్న ఒక నల్లజాతి అమ్మాయిని చేర్చుకోవాలని లోపలి సభ్యులే కోరుకున్నారనీ, పాత సభ్యులైన పెద్దావిడలు అడ్డుపడ్డారనీ సొరోరిటీ అమ్మాయిలే పేరు పెట్టి మాట్లాడారు. తర్వాత విద్యార్థులు ఊరేగింపు తీశారు. విశ్వవిద్యాలయం మళ్లీ ఎంపికలకు ఆదేశించింది. ఏ శిబిరంలోనూ నేర్పని నాయకత్వం అది. తన సంఘం తలుపు మీద తన సంఘం తప్పునే రాసి అంటించడం.

అదే క్యాంపస్‌లో వేరే రకం నాయకత్వ పాఠశాల కూడా ఉంది. ‘మెషీన్’ అని పిలిచే రహస్య కూటమి అది. కొన్ని ఫ్రెటర్నిటీలు, సొరోరిటీలు గుట్టుగా కలిసి దశాబ్దాల తరబడి విద్యార్థి ప్రభుత్వ ఎన్నికల్లో ఎవరు గెలవాలో నిర్ణయిస్తూ వచ్చాయి. 1993లో ఆ కూటమికి ఎదురునిలిచిన అభ్యర్థి మీద దాడి జరిగాక విశ్వవిద్యాలయం విద్యార్థి ప్రభుత్వాన్నే మూడేళ్లు రద్దు చేసింది. ఓట్లు సమీకరించడం, మంతనాలు, క్రమశిక్షణ అన్నీ అక్కడ బాగానే నేర్పుతారు. అక్కడినుంచి వచ్చినవాళ్లు రాజకీయాల్లో రాణిస్తారు కూడా. నైపుణ్యం మాత్రమే కొలత అయితే మెషీన్‌కు మంచి మార్కులు పడతాయి. అందుకే నేను ఆ కొలత వాడటం లేదు.

ఇక మన పిల్లల దగ్గరికి. మన ఊళ్ల నుంచి ఎం.ఎస్. చదవడానికి వెళ్లే విద్యార్థులకు ఈ లోకంతో సాధారణంగా సంబంధం ఉండదు. ఇవి డిగ్రీ విద్యార్థుల సంఘాలు. అక్కడే పుట్టిపెరిగి కాలేజీకి వెళ్లే తెలుగు పిల్లలకు మాత్రం ఆ తలుపు మొదటి వారంలోనే ఎదురవుతుంది. వాళ్ల కోసం, వాళ్లలాంటి దక్షిణాసియా పిల్లలే 1990లలో సొంత సంఘాలు పెట్టారు: 1994లో న్యూయార్క్ రాష్ట్రం బింగమ్టన్‌లో అయోటా ను డెల్టా, 1996లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సిగ్మా బీటా రో, 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, అదే ఏడు అక్కడే అమ్మాయిల కోసం కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మధ్య పెరిగిన పిల్లలకు అక్కడ రెండూ వివరించనక్కరలేని స్నేహితులు దొరుకుతారు. సంఘం పనులూ సమాజం అవసరాలను పట్టే ఉంటాయి. కప్పా ఫై గామా గృహహింస మీద అవగాహన కోసం పనిచేస్తుంది. మన కుటుంబాల్లో గొంతు తగ్గించి మాట్లాడే విషయాన్ని పందొమ్మిదేళ్ల అమ్మాయిలు మైకు పట్టుకుని మాట్లాడటం చిన్న సంగతి కాదు.

అన్ని మతాలవాళ్లూ, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చేరే సంఘాలు కూడా ఉన్నాయి. 1925లో పుట్టిన ఆల్ఫా ఫై ఒమేగా సేవకే అంకితం. నాయకత్వం, స్నేహం, సేవ అన్నవి దాని మూడు మూల సూత్రాలు. వ్యాపారం, ఇంజనీరింగ్ చదివేవాళ్లకు వృత్తిపరమైన ఫ్రెటర్నిటీలున్నాయి. ఇంటర్వ్యూలకు తర్ఫీదు, కంపెనీల్లో ఉన్న పాత సభ్యుల పరిచయాలు వీటి ఆకర్షణ. పేరులో ‘వృత్తి’ ఉంది కదా, గొడవలుండవని పెద్దలు అనుకుంటారు. 2018లో సిరక్యూస్ విశ్వవిద్యాలయం శాశ్వతంగా వెళ్లగొట్టిన సంఘం ఇంజనీర్లదే, జాతివివక్షతో నిండిన వీడియోల కారణంగా.

ఆసియా వాళ్ల సంఘాలు సురక్షితం అనుకోవడానికీ వీల్లేదు. 2013 డిసెంబరులో న్యూయార్క్ బరూక్ కాలేజీలో మొదటి ఏడాది చదువుతున్న 19 ఏళ్ల కుర్రాడిని పై డెల్టా సై అనే ఆసియా అమెరికన్ సంఘం పెన్సిల్వేనియా కొండల్లోని అద్దె ఇంటికి తీసుకెళ్లింది. కళ్లకు గంతలు కట్టి, వీపున ఇసుక సంచి వేసి, చీకట్లో పరిగెత్తించి, వరసగా గుద్ది పడేశారు. ఆసియా వాళ్లు ఈ దేశంలో పడిన కష్టాలకు అది ప్రతీక అట! స్పృహ తప్పినవాణ్ణి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. లక్షణాల కోసం ఇంటర్నెట్‌లో వెతికారు. అతను చనిపోయాడు. కోర్టు కుర్రాళ్లతో పాటు జాతీయ సంఘాన్నీ దోషిగా తేల్చి, ఆ సంఘాన్ని 2018లో పదేళ్లపాటు పెన్సిల్వేనియా నుంచి బహిష్కరించింది. తాతతండ్రుల కష్టాన్ని గౌరవించడం నేర్పాలనుకున్నవాళ్లకు ఎదురుగా ఉన్న ప్రాణాన్ని గౌరవించడం రాలేదు.

ఇక ఫలితాల లెక్కలు. వీటిని రెండు పక్షాలవాళ్లూ తమకు కావలసినట్టు వాడుకుంటారు. 2014లో గాలప్ సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి సుమారు 30,000 మంది పట్టభద్రులను అడిగాయి. పూర్తికాలం ఉద్యోగం చేస్తున్నవాళ్లలో పనిలో మనసు పెట్టినవాళ్లు గ్రీకు సంఘాల్లో 43 శాతం, మిగిలినవాళ్లలో 38 శాతం. సంఘాలు ఈ అంకెను గర్వంగా చెప్పుకుంటాయి. 2018లో అచ్చయిన ఇంకో అధ్యయనం చేసింది ఫ్రెటర్నిటీల తల్లి యూనియన్ కాలేజీ ఆర్థికవేత్తలే. సభ్యత్వం వల్ల నాలుగు పాయింట్ల కొలమానంలో మార్కులు సుమారు పావు పాయింటు తగ్గుతాయనీ, తర్వాతి జీవితంలో ఆదాయం సుమారు 36 శాతం పెరుగుతుందనీ వాళ్లు తేల్చారు. చదువు తగ్గి సంపాదన పెరిగిందంటే మధ్యలో పనిచేసింది పరిచయాలు. అది విలువలేనిదని నేను అనను. పల్లె నుంచి వచ్చిన మొదటితరం విద్యార్థికి అలాంటి పరిచయాలు వరం. కానీ ఇది నాయకత్వానికి రుజువు కాదు. పైగా సెమిస్టరుకు వందల డాలర్లు, కొన్నిచోట్ల వేల డాలర్లు చందా కట్టగలిగినవాడే ఆ గుమ్మం తొక్కుతాడు. అందువల్ల సంఘం ఇచ్చింది ఎంత, ఇంటి నుంచి తెచ్చుకుంది ఎంత అని విడదీయడం తేలిక కాదు.

నాయకత్వం అంటే ఏమిటో తేల్చుకోకుండా కొలవబోతే ఇదే చిక్కు. 1996లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యావేత్తలు సామాజిక మార్పు కోసం నాయకత్వం అనే నమూనా రూపొందించారు. ఈరోజు అమెరికా క్యాంపస్‌లలో చాలా శిక్షణకు అదే పునాది. నాయకత్వం పదవి కాదనీ, నలుగురూ కలిసి చేసే ప్రక్రియ అనీ అది చెబుతుంది. అందులోని ఏడు విలువల్లో ఒకటి సభ్యతతో విభేదించడం. సోదరభావం మీద కట్టిన సంఘంలో ఈ ఒక్క విలువే అన్నిటికంటే కష్టం. అన్నదమ్ముల మాటకు ఎదురు చెప్పకూడదని మొదటి రోజే ప్రమాణం చేయించి, నాలుగో రోజు విభేదించడం నేర్పుతామంటే పిల్లలకు ఏది నమ్మాలో తెలియదు.

పై నుంచి బిగించి చూశారు కూడా. 2016లో హార్వర్డ్, కేవలం మగవాళ్లకో ఆడవాళ్లకో పరిమితమైన సంఘాల్లో చేరే కొత్త విద్యార్థులు క్యాంపస్ సంఘాలకు నాయకులుగా, క్రీడాజట్లకు కెప్టెన్‌లుగా ఉండరాదని, రోడ్స్ వంటి స్కాలర్‌షిప్పులకు సిఫార్సు దొరకదని ప్రకటించింది. సొరోరిటీ అమ్మాయిలే గట్టిగా వ్యతిరేకించారు. కోర్టుల్లో దావాలు పడ్డాయి. 2020 జూన్‌లో హార్వర్డ్ ఆ నిబంధన ఎత్తేసింది. నా ఉద్దేశంలో ఆ ప్రయత్నం మొదటి అడుగే తప్పు. ఎలాంటి సంఘం అని చూడకుండా చేరడమే నేరమంటే, లోపల ఉండి మార్చగలిగేవాళ్ల చేతులే ముందు కట్టేసినట్టవుతుంది.

ఫలితమిచ్చినవి రెండే కనిపిస్తాయి. ఒకటి, సంఘం లోపల పెద్ద చిన్న తేడా తీసేసి, వయసులో పెద్దవాళ్లను నిజంగా ఇంట్లోకి రానిచ్చిన నిర్మాణం. రెండోది, జరిగింది దాచడానికి వీల్లేకుండా చేసిన చట్టం. పెన్ స్టేట్ కుర్రాడి పేరుతో పెన్సిల్వేనియా 2018లో చట్టం చేసింది. 2024 డిసెంబరులో దేశం మొత్తానికి వర్తించే హేజింగ్ నిరోధక చట్టం వచ్చింది. దాని ప్రకారం కాలేజీలు హేజింగ్ ఘటనలను తమ వార్షిక భద్రతా నివేదికలో లెక్కించాలి. ఏ సంఘం తప్పు చేసిందని తేలిందో, ఏం చేసిందో, ఏ శిక్ష వేశారో పేరుతో సహా తమ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలి. సంవత్సరానికి కనీసం రెండుసార్లు దాన్ని తాజా పరచాలి.

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉంటూ పిల్లల్ని కాలేజీకి పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకు నా మనవి ఇది. వద్దని నిషేధిస్తే పిల్లలు చెప్పకుండా చేరతారు. చేరమని ముచ్చటపడితే లోపల జరిగేది మీకు చెప్పరు. వాళ్లు ఏ సంఘం పేరు చెబితే ఆ పేరును కాలేజీ వెబ్‌సైట్‌లోని హేజింగ్ నివేదికలో వెతకండి. చేరినవాళ్లకు మొదటి రోజు నుంచి ఓటు ఉందా, వారానికి ఒకసారైనా సమావేశానికి వచ్చే పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఏదైనా జరిగితే, ఎవరు తిట్టినా, ఎవరు గోడకేసి నెట్టినా, ముందు 911కి ఫోన్ చెయ్యమని, ఆ తర్వాత అమ్మకో నాన్నకో చెయ్యమని, దానివల్ల ఏ సభ్యత్వం పోయినా మీరు తోడుంటారని ముందే చెప్పి పెట్టండి. ఆ మాట పిల్లలు బయల్దేరే ముందే చెప్పండి.